యంత్రమునకు వేళ తెలియుట ఎట్లు?

(ప్రసంగ పాఠము)

జూలూరుపాడు చుట్టుపట్ల పత్తి, మిరప, వరి పండించు చేలలో బోరు మోటారు ప్రక్కన ఒక చిన్న ఇనుప పెట్టె కనబడును. అది స్టార్టరు. పచ్చ బొత్తాము నొక్కిన మోటారు తిరుగును, ఎర్ర బొత్తాము నొక్కిన ఆగును. కరెంటు విడతలు విడతలుగా, తరచు రాత్రివేళ, వచ్చిన సంవత్సరములలో రైతులు ఈ పెట్టెకు ఇంకొక పరికరమును తగిలించుకొనిరి. దానికి ఆటోస్టార్టరు అని పేరు. కరెంటు రాగానే అది తనంతట తానే మోటారును తిప్పును. అడవి అంచున ఉన్న చేనికి చీకటిలో, పాములు తిరుగు గట్ల వెంట నడచి పోవలసిన పని తప్పినది గనుక దానిని సంతోషముతో స్వీకరించిరి. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనప్పుడు, ఇక ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వమును విద్యుత్ సంస్థలును కోరినవి. అవసరము లేకున్నను మోటారు నడచి భూగర్భ జలము తరిగిపోవునని వారి భయము. ఆ వాదములో న్యాయమున్నది. కాని ఈనాటి ప్రసంగమునకు విషయము అది కాదు. ఆ పెట్టెలో కూర్చున్న చిన్న యంత్రమునకు వేళ ఎట్లు తెలియునన్నదే మన ప్రశ్న.

వేళతో దానికి ఏమి పని అని అడుగవచ్చును. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింద పది మోటార్లు ఉన్నవనుకొందము. ఒక్కొక్కటి 5 అశ్వశక్తులది. నడుచునప్పుడు ఒక్కొక్కటి సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసికొనును. పదింటికి 75. అరువది మూడు కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగినది సుమారు 85 ఆంపియర్లు, కాబట్టి సరిపోవును. అయితే నిలిచియున్న మోటారును నేరుగా కరెంటుకు కలిపి కదలించునప్పుడు తొలి కొన్ని సెకండ్లపాటు దానికి నడక కరెంటునకు ఆరు రెట్ల వరకు కావలెను. కరెంటు వచ్చిన క్షణమున పది మోటార్లును ఒక్కుమ్మడిగా లేచినచో అది 450 ఆంపియర్లు. వోల్టేజి కూలును. వోల్టేజి తగ్గుటచే ఏ మోటారును త్వరగా వేగము అందుకొనలేదు. ఫ్యూజు పోవును, లేక ట్రాన్స్‌ఫార్మరే పోవును. దీనికి మందు ఒక్కటే. ఒక పెట్టె 10 సెకండ్లు, ఇంకొకటి 20, మరియొకటి 35, ఇట్లు వేరువేరుగా ఆగి లేవవలెను.

ఆగుట ఒక్కటే చాలదు. ఆగుచునే మూడు ఫేజులును వచ్చినవా అని చూచుచుండవలెను. ఒక ఫేజు లేకుండ తిరుగబోయిన మోటారు రొదపెట్టి, వేడెక్కి, వైండింగు మాడిపోవును. కాలిన మోటారును చుట్టించు ఖర్చు ఒక ఎత్తు, ఆ నాలుగు దినములు నీరందక ఎండిన మడి మరియొక ఎత్తు.

ఒక మాట ఇక్కడనే చెప్పవలెను. వేచియుండు పెట్టె నిశ్శబ్దముగా ఉండును. మోటారు కదలుట లేదని, కరెంటు లేదని తలచి దానిమీద చేయి వేయరాదు. లోపల లెక్క సాగుచునే ఉండవచ్చును. మెయిన్ స్విచ్చి తీసి, ఫ్యూజులు ఊడబెరికి చేతిలో ఉంచుకొని, పిదప మోటారును ముట్టుకొనవలెను.

ఇట్టి పెట్టెలలో కొత్తవానిలో మైక్రోకంట్రోలరు అను గోరంత కంప్యూటరు ఉండును. అది చేయవలసిన పనిని తరచుగా సి అను భాషలో వ్రాయుదురు. 1970 దశకపు తొలి సంవత్సరములలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన భాష ఇది. ఏబది ఏండ్లు గడచినను చిన్న యంత్రములకు ఆజ్ఞలు వ్రాయుటలో దీని పెత్తనము తగ్గలేదు. సి భాషలో వ్రాసిన ఆజ్ఞలను చదివి వినిపించి శ్రోతలకు విసుగు పుట్టింపను. వంకర బ్రాకెట్లు, సెమికోలన్లు కంటికి తగినవేగాని చెవికి తగినవి కావు. పద్ధతిని మాత్రము చెప్పెదను.

యంత్రమును ఆపియుంచుటకు తొలిగా తోచు ఉపాయము ఊరక అంకెలు లెక్కపెట్టించుట. లక్ష వరకు లెక్కించు, పిదప దీపము వెలిగించు, మరల లక్ష లెక్కించు, ఆర్పు. సి నేర్చుకొను ప్రతి విద్యార్థియు మొదట వ్రాయునది ఇదే. అర్ధ సెకండునకొకసారి దీపము మినుకుమినుకుమనును, పిల్లవాడు పొంగిపోవును. మరుదినము దానికే ఒక బొత్తాము కలుపును. నొక్కినచో ఒక్కొక్కమారు పలుకును, పెక్కుమారులు పలుకదు. బొత్తాము చెడినదని అంగడికి పోయి కొత్తది తెచ్చును, అదియు పలుకదు. దోషము బొత్తామునది కాదు. లెక్కలో మునిగిన యంత్రమునకు వేరు స్మృతి లేదు. బొత్తాము నొక్కిన క్షణమున అది డెబ్బది వేలు దాటి లెక్కించుచున్నది. మన స్టార్టరు ఇట్లు వేచినచో ఆ 35 సెకండ్లలో ఒక ఫేజు పోయినను దానికి తెలియదు, రైతు ఎర్ర బొత్తాము నొక్కినను తెలియదు.

రెండవ ఉపాయము మన పూర్వులు ఎరిగినదే. గోడ గడియారములు రాక పూర్వము మన దేశమున గడియకుడుకతో కాలము కొలిచెడివారు. అడుగున సన్నని రంధ్రము గల రాగి గిన్నెను నీటి తొట్టిలో తేలవిడిచెదరు. రంధ్రము గుండ నీరు ఎక్కి ఎక్కి, ఒక గడియ, అనగా 24 నిమిషములు, కాగానే గిన్నె మునుగును. కాపున్నవాడు గంట కొట్టి, గిన్నెను ఎత్తి, నీరు పారబోసి, మరల తేలవిడుచును. రేయింబవళ్లు కలిసి అరువది మునకలు. ఏడున్నర మునకలకు ఒక జాము. ఊరిలోని వారెవరును గిన్నెను చూచుచు కూర్చుండలేదు. ఎవరి పని వారు చేసికొనుచు గంట వినబడినప్పుడు మాత్రము తల ఎత్తిరి.

మైక్రోకంట్రోలరులో టైమరు అనునది సరిగా ఈ కుడుకయే. అది ప్రధాన యంత్రముతో సంబంధము లేకుండ తనంతట తాను లెక్కించుకొను ఒక చిన్న లెక్కపెట్టె. నీటి బొట్లకు బదులు స్ఫటికపు స్పందనములు దానిలో పడుచుండును. నిండగానే ప్రధాన యంత్రమునకు గంట వినబడును. ఈ గంటకే ఇంటరప్టు అని పేరు. తెలుగున అడ్డగింత యనవచ్చును. గంట వినగానే యంత్రము చేయుచున్న ఆజ్ఞను పూర్తిచేసి, తరువాతి ఆజ్ఞ యెక్కడ ఉన్నదో ఆ చోటును జ్ఞాపకముంచుకొని, గంటకై ప్రత్యేకముగా వ్రాసియుంచిన చిన్న పనిని చేసి, విడిచిన చోటికే తిరిగివచ్చును. పురాణము చదువు పౌరాణికుడు ఎవరో పిలిచినప్పుడు పుటలో దర్భపుల్ల ఉంచి లేచి పోయి, వచ్చి అక్కడి నుండియే చదువును గదా, అట్లు.

ఇక లెక్క. విద్యార్థులు ఎక్కువగా వాడునది ఆర్డుయినో అను పలక. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణమున పుట్టినది. ఆర్డుయినో యూనో పలకపై ఉన్న ఎట్మెగా 328 అను చిప్పునకు సెకండునకు 1,60,00,000 స్పందనములు. ఇంత వేగమును చిన్న కుడుక తట్టుకొనలేదు, ఎందుకనగా దానిలో పట్టునది 256 మాత్రమే. అందుచేత ముందుగా ప్రీస్కేలరు అను జల్లెడ గుండ పోనిచ్చి, 64 స్పందనములకు ఒక్కటి చొప్పున లోనికి వదలుదుము. సెకండునకు 2,50,000 అగును. వానిలో 250 లెక్కింపగానే గంట కొట్టుమని నియమించినచో సరిగా సెకండులో వేయవవంతునకు, అనగా మిల్లీసెకండునకు, ఒక గంట.

ఇక్కడ ఒక చిన్న గుంట ఉన్నది. లెక్క సున్నతో మొదలగును గనుక 250 లెక్కలకు 249 అని వ్రాయవలెను. పొరబాటున 250 అని వ్రాసినచో 251 లెక్కలు పట్టును. నూటికి అరవంతు కూడ లేని తేడా, దీపము మినుకుమనుటలో ఎవరికిని కనబడదు. కాని ఆ గంటలతో గడియారము కట్టినచో దినమునకు అయిదు ముప్పావు నిమిషములు వెనుకబడును.

1980లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 8051 అను చిప్పు మన పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగు కళాశాలలలో తరతరములుగా పాఠముగా ఉన్నది. దానిలోని పెద్ద కుడుక 65,536 పట్టును. 12 మెగాహెర్ట్జుల స్ఫటికముతో మైక్రోసెకండునకు ఒకటి చొప్పున నిండును. 50 మిల్లీసెకండ్లకు గంట కావలెనన్న 15,536తో మొదలుపెట్టవలెను. మిగిలిన 50,000 నిండగానే గంట. ఇట్టి గంటలు ఇరువది అయిన ఒక సెకండు. చిక్కు ఏమనగా, ఆ అమరికలో గిన్నె మునిగిన ప్రతిసారియు దానిని ఎత్తి మరల 15,536తో తేలవిడువవలసినది మనమే. గంట మ్రోగుటకును గిన్నె ఎత్తుటకును నడుమ జారిపోవు కాలము లెక్కలోనికి రాదు. ప్రతిమారు పది మైక్రోసెకండ్లు జారినవనుకొనుడు, దినమునకు 17 సెకండ్లు. గడియకుడుక కాపువానికి కునుకు పట్టినచో ఊరి వేళ తప్పినట్లే. అందుచేతనే ఎట్మెగా వంటి చిప్పులలో గిన్నె తనంతట తానే ఒలికి మరల తేలు పద్ధతిని ఏర్పరచిరి. అది ఉన్నచోట దానినే వాడుట మేలు.

గంటకై వ్రాసిన పని ఎంత చిన్నదైన అంత మంచిది. మన స్టార్టరులో ఆ పని, మిల్లీసెకండుల లెక్కకు ఒకటి కలుపుట, మూడు ఫేజుల వోల్టేజిని కొలిచి వరుసలో చేర్చుట, అంతటితో సరి. మన కరెంటు సెకండునకు 50 ఆవృత్తులు తిరుగును గనుక ఒక్కొక్క ఆవృత్తికి 20 మిల్లీసెకండ్లు, అనగా ఫేజునకు ఇరువది కొలతలు. ఏ ఫేజు పోయినదో తేల్చుటకు అవి చాలును. తేల్చుట, తెరపై అంకెలు చూపుట, రైతు ఫోనునకు సమాచారము పంపుట ఇత్యాదులు ప్రధాన కార్యక్రమమున జరుగవలెను. అది ఎడతెగక తిరుగుచు లెక్కను చూచుకొనును. 10 మిల్లీసెకండ్లు గడచినవా, బొత్తాము చూడుము. 100 గడచినవా, ఫేజులు తేల్చుము. 1,000 గడచినవా, తెరపై అంకె మార్చుము. ఏ పనియు మరియొక దాని కొరకు నిలిచియుండదు. గంట పనిలోనే ఫోనునకు సమాచారము పంపబూనినవానికి పట్టు గతి వేరు. ఆ పనికి మూడు మిల్లీసెకండ్లు పట్టినచో నడుమ మ్రోగవలసిన గంటలలో ఒక్కటి మాత్రమే చిప్పునకు గుర్తుండును. తక్కినవి పోయినట్లే. కాలమే కురుచ అగును.

సి భాష వలన కలుగు ఒక చిక్కు ఉన్నది. సి ఆజ్ఞలను యంత్రపు భాషలోనికి మార్చు కంపైలరు బహు పొదుపరి. ప్రధాన కార్యక్రమము ఒక లెక్కను మాటిమాటికి చూచుచున్నది, దానిని మార్చుట మాత్రము అక్కడ ఎక్కడను లేదు. ఇట్లయిన ఒకసారి చూచి వ్రాసికొన్న చాలునని అది తీర్మానించును. స్టూడియోలో గోడ గడియారమును ఒకమారు చూచి, ఎనిమిది గంటల పది నిమిషములని చీటిపై వ్రాసికొని, ఆ పిమ్మట వేళ కావలసినప్పుడెల్ల చీటినే చూచుకొను ప్రకటనకర్త వంటిది. చీటిపై ఎప్పటికిని ఎనిమిది గంటల పది నిమిషములే. గంట పని లెక్కను మార్చుచున్న సంగతి కంపైలరునకు తెలియదు. తెలుపుటకు వోలటైల్ అను మాటను ఆ లెక్క పేరు ముందు చేర్చవలెను. ప్రతిసారియు గోడ గడియారమునే చూడుమని దాని అర్థము. ఈ మాట మరచినవాని కార్యక్రమము పరీక్షించునప్పుడు పనిచేసి, వేగము పెంచు అమరికతో తుది ప్రతి తయారు చేసినప్పుడు కొయ్యబారిపోవును. బల్లపై నడచినది చేలో నడువకపోవుటకు ఇది తరచు కనబడు కారణము.

వోలటైల్ చేర్చినంతమాత్రమున అన్నియు తీరవు. చిన్న చిప్పు ఒకసారికి 255 వరకు పట్టు ముక్కనే చదువగలదు. పెద్ద లెక్కను ముక్కలుగా చదువును. లెక్క 255 వద్ద ఉండగా మొదటి ముక్కను చదివి 255 అని పట్టుకొన్నది. అంతలో గంట మ్రోగి లెక్క 256 అయినది, అనగా చిన్న ముక్క సున్న, పెద్ద ముక్క ఒకటి. తిరిగివచ్చి పెద్ద ముక్కను చదివినచో ఒకటి. రెండును కలిపిన 511. ఆ అంకె అంతకు ముందు లేదు, ఇప్పుడును లేదు. మాసములకొకసారి, ఎవరికిని అంతుబట్టకుండ, మోటారు అకాలమున లేచుట వంటి వింతలకు మూలము ఇదియే కావచ్చును. లెక్కను చదువు రెండు మూడు క్షణములు గంటను ఆపియుంచి, లెక్కకు నకలు తీసికొని, వెంటనే గంటను విడువవలెను. ఇంతకు మించిన వైద్యము అక్కరలేదు.

మన అడవి అంచు చేలలో మంచెలపై కాపున్నవారిని శ్రోతలెరుగుదురు. అడవిపందులను బెదరించుటకేగాక, ఒకరికొకరు తోడుగా కూడ, కొంతసేపటికొకసారి హో యని కేక వేసికొందురు. కేక రాని మంచె వైపు ప్రక్కవాడు దివిటీ పట్టుకొని పోవును. మైక్రోకంట్రోలరులో ఇట్టి ప్రక్కవాడు ఒకడున్నాడు. వాచ్‌డాగు టైమరు అందురు. నియమిత కాలములో కార్యక్రమము కేక వేయకున్నచో అది మొద్దుబారినదని తలచి యంత్రమును మొదటి నుండి లేపును. మెరుపుల కాలమున పొలములోని పెట్టెకు ఇది ప్రాణప్రదము. కొందరు తెలివి ఎక్కువై ఈ కేకను గంట పనిలో పెట్టుదురు. ప్రధాన కార్యక్రమము నిలిచిపోయినను గంట మాత్రము మ్రోగుచునే ఉండును. కాపువాడు మంచెపై నిదురించగా గాలికి కొట్టుకొను రేకు డబ్బా అతని బదులు చప్పుడు చేసినట్లు. పందులు చేను మేయును, ప్రక్కవాడు నిశ్చింతగా కూర్చుండును. కేక ఎప్పుడును ప్రధాన కార్యక్రమమునదే కావలెను, అదియు అన్ని పనులును ముగిసినవని చూచుకొన్న తరువాత.

కాలపు లెక్కలో చిన్న తప్పు ఎంత దూరము పోగలదో చెప్పుటకు ఒక ఘోరమైన ఉదాహరణము ఉన్నది. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫు యుద్ధ కాలమున, సౌదీ అరేబియాలోని దహ్రాన్ వద్ద ఇరాకు ప్రయోగించిన స్కడ్ క్షిపణి అమెరికా సైనికుల నివాసముపై పడి 28 మంది మరణించిరి. దానిని అడ్డుకొనవలసిన పేట్రియట్ యంత్రము ఆ రాత్రి పనిచేయుచునే ఉండెను. దానిలోని గడియారము సెకండులో పదవవంతులను లెక్కించును. ఆ లెక్కను సెకండులుగా మార్చుటకు 0.1తో గుణించుచుండిరి. మన దశాంశ పద్ధతిలో మూడవవంతును వ్రాయబోయిన 3 వెంట 3 వచ్చుచు ముగియదు గదా, యంత్రముల ద్వ్యంశ పద్ధతిలో పదవవంతు అట్లే ముగియదు. 24 బిట్ల వద్ద దానిని త్రుంచిరి. త్రుంచిన తునక కోటివంతులలో ఒకటి పాటిది. ఆ యంత్రము ఆపకుండ సుమారు 100 గంటలు నడచియున్నది. 36 లక్షల పదవవంతులు కూడి, తేడా సెకండులో మూడవవంతు అయినది. ఆ సమయములో స్కడ్ అర కిలోమీటరునకు పైగా పయనించును. పేట్రియట్ ఆకాశమున వెదకినచోట క్షిపణి లేదు. సవరించిన కార్యక్రమము దహ్రానునకు మరునాడు, 26న, చేరినది.

గంటల లెక్కను ఎప్పుడును పూర్ణాంకముగానే ఉంచవలెననియు, మార్పు చివర ఒకసారి చేయవలెననియు ఇందుచేతనే చెప్పుదురు. స్ఫటికమునకు కూడ తన తప్పు తనకున్నది. పది లక్షలకు ఏబది వంతుల తేడా గల స్ఫటికము దినమునకు నాలుగు సెకండ్లు తప్పును. మోటారు స్టార్టరునకు అది లెక్కలోనిది కాదు. వెల తగ్గించుటకు స్ఫటికమే లేకుండ చిప్పులోని సొంత స్పందనముతో నడుపు పెట్టెలున్నవి. వానిలో నూటికి పది వంతుల తేడా కూడ రావచ్చును. 60 సెకండ్లు 66 అగును, 54 అగును. ట్రాన్స్‌ఫార్మరు క్రింది పది పెట్టెలకును పది సెకండ్ల ఎడము అనుకొన్నచోట ఈ తేడాకును చోటు విడువవలెను.

చివరగా ఒక చిక్కు. మిల్లీసెకండుల లెక్కను 32 బిట్లలో ఉంచుట వాడుక. అది 49 దినముల 17 గంటలకు నిండి మరల సున్న అగును. అప్పుడు, ఫలానా అంకె దాటిన మోటారు లేపుమని వ్రాసిన ఆజ్ఞ తికమకపడును. దాటవలసిన అంకె మొదటికి వచ్చినది, లెక్క ఇంకను కొసన ఉన్నది. మన సంవత్సరముల పేర్లతో దీనిని సులభముగా విప్పవచ్చును. రక్తాక్షి 58వది, అక్షయ 60వది, పిదప మరల ప్రభవ, విభవ, శుక్ల. రక్తాక్షిలో, అనగా 1984లో, పుట్టిన బిడ్డకు శుక్లలో ఎన్నేండ్లు? మూడులో నుండి ఏబదియెనిమిది పోదు. అరువది చేర్చి తీసివేసిన అయిదు. 1989లో ఆ బిడ్డకు అయిదే. సి భాషలో గుర్తులేని పూర్ణాంకముల తీసివేత ఈ అరువది చేర్చు పనిని తనంతట తానే చేయును. కాబట్టి ఏ అంకె దాటినది అని అడుగక, మొదలిడిన నాటి అంకెను ఇప్పటి అంకె నుండి తీసివేసి, ఎంత గడచినది అని అడిగినచో లెక్క ఎన్నిమారులు మొదటికి వచ్చినను తప్పు రాదు. రెండు నెలలు ఆగి చూడకుండ దీనిని పరీక్షించుటకు లైనక్సు నిర్మాతలు చేసిన ఉపాయము చక్కనిది. వారు కంప్యూటరు లేచునప్పుడు కాలపు లెక్కను సున్నతో మొదలుపెట్టరు. నిండుటకు సరిగా అయిదు నిమిషములు తక్కువగా మొదలుపెట్టుదురు. తప్పు ఉన్నచో కంప్యూటరు పెట్టిన అయిదు నిమిషములకే బయటపడును. స్టార్టరు చేయువారు తమ లెక్కను నిండుటకు ఒక నిమిషము ముందుగా ఉంచి, బల్లపైననే పరీక్షించి, పిదప చేనికి పంపవచ్చును.